బోణీ కాకముందు

“ఆ బోర్డు దింపేదాకా ఈ ఇంట్లో నేను అన్నం ముట్టను,” అని థోవా గిన్నె పక్కకు నెట్టింది.

గిన్నెలో అప్పటికి అడుగున నాలుగు మెతుకులే మిగిలాయి. మామూలు రోజైతే కోడలు యెన్ ఆ మాట పట్టుకుని నవ్వేది. అత్తగారు కూడా ఆ వెనకే నవ్వేసేది. ఇవాళ ఎవరూ నవ్వలేదు. చేప పులుసు మీద మీగడలా జిడ్డు పేరుకుంటోంది.

వంటింట్లో చాప మీద కూర్చుంటే కొట్టంతా కనిపిస్తుంది. వరసగా ఫ్యాన్లు, అన్నం కుక్కర్లు, గోడ పక్కన తెల్లటి ఫ్రీజరు పెట్టెలు, వాటి అవతల వీధి. పొద్దున ఆ గొడవ అయ్యాక ఒక్కరూ మెట్టెక్కలేదు. మెట్టు మీద కాలిన కాగితం మసి అలాగే ఉంది. ఊడ్చమని అత్త చెప్పలేదు, ఊడ్చాలని కోడలికి అనిపించలేదు.

“దింపను అత్తయ్యా,” అంది యెన్. “దాని మీద ఉన్నది రంగు కాదు, నా మాట. ఏడు రోజుల్లో ధర తగ్గితే తేడా ఇస్తామన్నాను. సరుకు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామన్నాను. అన్నం బండి తామ్ పిన్ని అది చదువుకునే ఫ్రీజరు కొన్నది.”

“తామ్‌కి చదువెప్పుడొచ్చింది?”

“నేనే చదివి వినిపించాను.”

“అద్గదీ. కొరివితో తల గోక్కోవడమంటే విన్నాను గానీ, కొరివిని రంగు వేసి గుమ్మానికి వేలాడదీసినదాన్ని నిన్నే చూశాను.”

యెన్ భర్త ఖాయ్ ఇద్దరి మధ్యా కూర్చుని చేప ముళ్ళు తీస్తున్నాడు. తల్లి గిన్నెలో ఒక ముక్క వేశాడు. ఆలోచించి, అంతే ముక్క భార్య గిన్నెలోనూ వేశాడు. తల ఎత్తలేదు.

“నేనూ మీ మామయ్యా ఈ సాదెక్ బజారుకి వచ్చినప్పుడు మాకున్నది ఒక్క తోపుడు బండి,” థోవా గొంతు పెరిగింది. “బేరం కుదిరిందంటే మాట కుదిరినట్టే. అంతేనే వ్యాపారం. అరగంట బేరమాడి, కొసరు కింద ప్లగ్గు కూడా లాక్కుని, తీసుకెళ్ళి, వాడుకుని, తర్వాతొచ్చి ‘తగ్గిందట, తేడా తియ్యండి’ అంటే? రేపు ధర పెరిగితే మీ తామ్ పిన్ని వచ్చి తేడా కట్టి పోతుందా?”

బోర్డు మీద అక్షరాలు దిద్దుతున్నప్పుడు యెన్ తనకి తాను వేసుకున్న ప్రశ్నే అది. అప్పుడూ జవాబు దొరకలేదు.

“కట్టదు,” అంది నిజాయితీగా. “ఎవరూ కట్టరు. కానీ పెరిగేదీ తగ్గేదీ ఆవిడకి తెలియదు. మనకి తెలుసు. కంపెనీ వాళ్ళు ఫోన్ చేసింది మీకే కదా. వారం చివర్లో ధర పది లక్షల డాంగ్ తగ్గిస్తున్నామని చెప్పారు. చెప్పిన మర్నాడే మీరు ఆ పెట్టెని పాత ధరకి ఆవిడకి అంటగట్టారు.”

“అంటగట్టానా?”

“తొందరపెట్టారు. ఇదే ఆఖరి పెట్టె, మళ్ళీ దొరకదు అన్నారు. వెనక గదిలో ఇంకో మూడున్నాయి.”

“దాన్ని వ్యాపారమంటారు.”

“తామ్ పిన్ని దాన్ని ఏమంటుందో కనుక్కున్నారా?”

థోవా ముఖం ఎర్రబడింది. “నాకు బుద్ధి లేక కాంతో పట్నంలో పెద్ద షాపులో తిరుగు సరుకు బల్ల దగ్గర కూర్చున్న పిల్లని తెచ్చుకున్నాను. పొద్దస్తమానం వెనక్కి తీసుకోవడమే దానికి తెలిసిన విద్య. నిన్ను తెచ్చుకునేటప్పుడు నేనూ ఏడు రోజుల గడువు అడగాల్సింది.”

“అడగాల్సింది,” అంది యెన్. “నేనూ అడిగేదాన్ని.”

ఖాయ్ చేతిలో చేప తల ఆగిపోయింది. అతడు ఏదో అంటాడని ఇద్దరు ఆడవాళ్ళూ ఒక్క క్షణం ఎదురుచూశారు. అతడు చేప తలని తన గిన్నెలో వేసుకున్నాడు.

యెన్ నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. థోవా కోడలి వైపు చూడకుండానే కాలి బొటనవేలితో ఫ్యాను మొహం అటు తిప్పింది. తిప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.

“తేడా సంగతి తర్వాత. వేళాపాళా ఉండొద్దా? తెల్లారి తలుపులు తీశాను. ధనదేవుడికి కాఫీ పెట్టాను, అగరొత్తి ఇంకా సగం కూడా కాలలేదు. బోణీ కాలేదు. కొట్లోకి ఒక్క నోటు రాకముందే సొరుగులోంచి నోట్లు తియ్యమంటుందా? చిన్నపిల్లా అది? బజార్లో పుట్టి బజార్లో పెరిగిన మనిషి.”

“అందుకని మొహం మీద కాగితం వెలిగిస్తారా?”

“మొహం మీద కాదు. గుమ్మంలో వెలిగించాను. అందరూ చేసేదే. దరిద్రం పట్టిన కాలు మెట్టెక్కితే పొగ వేసి తరమాలి.”

“ఆ మనిషి వెళ్ళాక చేస్తారు అందరూ. చాటుగా. ఆవిడ ఇంకా మెట్టు దిగలేదు అత్తయ్యా. పొగ ఆవిడ జుట్టుకి పట్టింది. దగ్గుకుంటూ వెళ్ళింది. మీ ప్రసవానికి మంచం పక్కన కూర్చున్న మనిషి.”

థోవా లేచి నిలబడింది. మోకాళ్ళు పట్టేసి గోడకి ఆనుకోవాల్సి వచ్చింది. యెన్ చెయ్యి సాయానికి తనకి తెలియకుండానే పైకి లేచింది. థోవా ఆ చెయ్యిని చూసింది, గోడనే పట్టుకుంది.

“సాయంత్రం తలుపులు వేసేలోగా ఆ బోర్డు దిగాలి. లేదంటే తాళంచెవులు నువ్వే ఉంచుకో. నేను మా తమ్ముడింటికి పోతాను.”

“బోర్డు దింపితే తామ్ పిన్నికి నేనేం చెప్పాలి? మా ఇంట్లో నా మాట చెల్లదు పిన్నీ, నన్ను నమ్మి మోసపోయావు అని చెప్పనా?”

“అలాగే చెప్పు. అది నిజమేగా.”

*

మధ్యాహ్నం ఎండ వీధిలో పరుచుకుంది. కాలవ మీద పడవల మోత తప్ప చప్పుడు లేదు. రోజూ ఈ వేళకి పొలాల నుంచి నీటి మోటార్ల కోసం ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. ఇవాళ వచ్చినవాళ్ళు కూడా వీధి అవతల ఆగి, గుమ్మం వైపు చూసి, ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ పోయారు.

ఎదురుగా కాఫీ బండి నడిపే ఊత్ మామ ఖాళీ గ్లాసు కోసం వచ్చాడు. ధనదేవుడి గూడు దగ్గర పొద్దున పెట్టే కాఫీ ఆయన బండి నుంచే వస్తుంది.

“ఏమ్మా యెన్, బేరాలెలా ఉన్నాయి?”

“చూస్తున్నావుగా మామా.”

“చూస్తున్నా. బజార్లో మీ కొట్టుకి కొత్త పేరు పెట్టారు. పొగ కొట్టట. చేపలమ్మే ఆడవాళ్ళైతే, అక్కడ ఫ్యాను కొంటే పొగ ఉచితం అంటున్నారు.” ఆయన నవ్వాడు. యెన్ నవ్వకపోయేసరికి గ్లాసు తిప్పుతూ నిలబడ్డాడు. “పాపం తామ్ సంగతే నాకు మింగుడు పడటం లేదమ్మా. అంతసేపు కూర్చుని...”

“ఎక్కడ కూర్చుంది?”

“నా బల్ల మీదే. మీ తలుపులు తీయకముందే వచ్చింది. తన అన్నం బండి చెల్లెలికి అప్పజెప్పి మరీ వచ్చింది. ‘వెళ్ళి అడగవే’ అన్నాను. ‘డబ్బు అడగడానికి బోణీ కాకుండా ఎలా వెళ్తాను, అక్క కొట్టు చల్లగా ఉండాలి కదా’ అంది. తెప్పించుకున్న కాఫీలో ఐసు కరిగి నీళ్ళయిపోయింది. ఎండ మొహాన కొడుతున్నా లేవలేదు. చివరికి ఒకాయన ఫ్యాను చంకన పెట్టుకుని మీ కొట్లోంచి బయటికొచ్చాడు. ‘హమ్మయ్య, బోణీ అయింది’ అని అప్పుడు లేచింది.”

యెన్‌కి ఆ ఫ్యాను మనిషి గుర్తున్నాడు. కిందటి వారం బాగుచేయమని ఇచ్చిన పాత ఫ్యాను పట్టుకెళ్ళాడు. గ్యారంటీలో ఉంది కనుక ఒక్క డాంగ్ కూడా ఇవ్వలేదు. వీధి అవతల నుంచి చూసినవాళ్ళకి అది అమ్మకమే.

ఊత్ మామ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు. యెన్ చాలాసేపు కౌంటరు మీద చేతులు ఆనించి నిలబడింది. కోపం ఇంతవరకు ఒక రంగులో ఉంది. ఇప్పుడు దాని రంగు మారింది.

థోవా ఒక అన్నం కుక్కర్ మూత తుడుస్తోంది. ఖాయ్ మూలన బల్ల దగ్గర కూర్చుని ఎవరిదో మిక్సీ విప్పుతున్నాడు.

“అత్తయ్యా. తామ్ పిన్ని బోణీ కోసం ఆగింది.”

థోవా చెయ్యి ఆగలేదు.

“తలుపులు తీయకముందే వచ్చి ఎదురుగా కూర్చుంది. మీ కొట్టు చల్లగా ఉండాలని ఎండలో కూర్చుంది. బాగుచేసిన ఫ్యాను పట్టుకెళ్ళినాయన్ని చూసి, బోణీ అయిందనుకుని లోపలికొచ్చింది.”

“ఎవరు చెప్పారు?”

“ఊత్ మామ.”

“ఆయన నోటికి తాళం లేదు.”

“లేదు కాబట్టే ఈ మాట మన దాకా వచ్చింది.”

థోవా అదే మూత మళ్ళీ తుడిచింది. మూత మీద ఏమీ లేదు. మూలన స్క్రూ తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. అది ఎప్పుడో వదులైపోయిన స్క్రూ అని యెన్‌కి వింటుంటేనే తెలుస్తోంది.

“నాకు తెలియదే,” అంది థోవా చివరికి, చిన్న గొంతుతో.

“తెలిస్తే?”

“తెలిస్తే వెలిగిస్తానా?” అంతలోనే గొంతు మళ్ళీ గట్టిపడింది, చెంప మీద కొట్టించుకున్న మనిషి తిరిగి చెయ్యెత్తినట్టు. “అయినా పాత ఫ్యాను చూసి బోణీ అనుకుంటే తప్పు నాదా? నోరుంది కదా. గుమ్మంలో ఆగి, బోణీ అయిందా అని ఒక్క మాట అడిగితే పోయేది కదా. నేనే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేదాన్ని.”

“ఇప్పుడు వెళ్ళి ఆ మాట చెప్పండి మరి.”

“బజారంతా చూస్తుండగా నేను వెళ్ళి తామ్ కాళ్ళు పట్టుకోవాలా?”

“బజారంతా చూస్తుండగానే వెలిగించారుగా.”

“ఖాయ్,” అంది థోవా కొడుకు వైపు తిరిగి. “విన్నావా నీ పెళ్ళాం మాటలు? నోట్లో మాట లేదా నీకు?”

“అమ్మా, ఎండగా ఉంది. కాస్త పడుకో,” అన్నాడు ఖాయ్.

“మిమ్మల్ని నేనూ అడుగుతున్నాను,” అంది యెన్. “మీకేమనిపిస్తోంది? బోర్డు ఉండాలా, వద్దా? పిన్నికి తేడా ఇవ్వాలా, వద్దా?”

“ఇద్దరూ చెప్పేదాంట్లోనూ న్యాయం ఉంది,” అన్నాడతడు స్క్రూ వైపే చూస్తూ.

పెళ్ళయిన కొత్తలో యెన్‌కి ఆ మాట ఎంతో నచ్చేది. ఎవరినీ నొప్పించని మనిషి దొరికాడని పుట్టింట్లో చెప్పుకుంది. ఇప్పుడు ఆ మాట చల్లారిన అన్నంలా అనిపించింది.

*

సాయంత్రం బజారు రెండోసారి నిండే వేళకి మూడు చక్రాల బండి ఒకటి కొట్టు ముందు ఆగింది. బండి మీద తెల్లటి ఫ్రీజరు పెట్టె. దాని పక్కన, పూల చొక్కా చేతులు పైకి మడిచి, తామ్.

కొట్టు ముందు జనం చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. చేపలామె తక్కెడ వదిలేసి వచ్చింది. ఊత్ మామ గ్లాసు కడుగుతూనే ఇటు తిరిగాడు.

బండివాడు, తామ్ కలిసి పెట్టెని మెట్టు కిందకి దింపారు. తామ్ దాని మూత ఎత్తింది. లోపల తుడిచి ఆరబెట్టి ఉంది. నిమ్మకాయ వాసన వచ్చింది. అంత కోపంలోనూ ఆమె పెట్టెని నిమ్మచెక్కతో రుద్ది కడిగి తెచ్చిందని యెన్ గమనించింది. తను తిరుగు సరుకు బల్ల దగ్గర కూర్చున్నన్నాళ్ళూ ఎవరూ అలా తేలేదు.

“తామ్, లోపలికి రా,” అంది థోవా. “వీధిలో ఎందుకు? లోపల కూర్చుని మాట్లాడుకుందాం. తేడా ఇచ్చేస్తాను.”

“తేడా పొద్దున అడిగాను అక్కా. ఇప్పుడు అడిగేది మొత్తం.”

“వాడిన పెట్టెని నేనేం చేసుకోను?”

“ఏడు రోజులు కాలేదు. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని ఆ బోర్డు మీదుంది. నాకు చదువు రాదు. నీ కోడలు చదివి చెప్పింది. అబద్ధం చదివిందా?”

అందరూ బోర్డు వైపు చూశారు. తర్వాత యెన్ వైపు చూశారు.

“నిజమే చదివాను పిన్నీ,” అంది యెన్.

“పెట్టెకేం వచ్చింది? చల్లగా అవడం లేదా?” అంది థోవా.

“పెట్టె బంగారం. మాంసం రాయిలా గడ్డకడుతోంది. పెట్టె నచ్చకపోవడం కాదు అక్కా. అది నా ఇంట్లో ఉంటే చూసినప్పుడల్లా నాకు పొగ వాసనేస్తోంది.”

ఎవరో నవ్వారు. తామ్ అటు తిరిగి ఒక్క చూపు చూసింది. నవ్వు ఆగిపోయింది. ఆమె నవ్వించడానికి రాలేదు.

“ముందే ఒక మాట అడుగుతాను,” అంది తామ్, మెట్టు మీద కాలు పెట్టకుండా. “ఇవాళ నీకు బోణీ అయిందా?”

థోవా పెదవులు కదిలాయి. పొద్దున్నుంచి ఒక్క బల్బు కూడా అమ్మలేదని బజారంతటికీ తెలుసు.

“కాలేదు,” అంది.

“కాకపోతే సరే. అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను. పొద్దున కూర్చోలేదా?”

“కూర్చున్నావని మధ్యాహ్నం తెలిసింది,” థోవా మెట్టు దిగింది. “తెలిసినప్పటి నుంచి నాకు ఊపిరాడటం లేదు తామ్. నిజం చెప్తున్నాను. కానీ నువ్వూ ఒక్క మాట అడగొద్దా? ఆ ఫ్యాను మనిషిని చూసి నీ అంతట నువ్వే అనుకుని వచ్చేస్తే నాకెలా తెలుస్తుంది? అడిగి ఉంటే ఇంత జరిగేదా?”

“అడిగాను.”

“ఎవర్ని?”

“అంత బుద్ధి లేనిదాన్నా నేను? ఫ్యాను చూసి లేచిన మాట నిజమే. మెట్టెక్కే ముందు ఆగి, ‘బోణీ అయిందా బాబూ’ అని అడిగాను. ‘అయింది పిన్నీ, అమ్మ లోపలుంది, వెళ్ళు’ అన్నాడు.”

ఆమె ఎవరి వైపూ వేలు చూపలేదు. చూపాల్సిన పని లేకపోయింది. ఆ కొట్లో ఆమెను పిన్నీ అని పిలిచే మగవాడు ఒక్కడే.

థోవా మెల్లగా వెనక్కి తిరిగింది. ఖాయ్ మూలబల్ల దగ్గరే ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఇంకా ఉంది.

“నిన్ను అడిగిందా?”

“అడిగింది.”

“కాలేదని నీకు తెలుసా?”

అతడు నేల వైపు చూశాడు.

“ఆ ఫ్యాను నువ్వే ఇచ్చి పంపావు. డబ్బు తీసుకోలేదని నీకు తెలుసు. తెలిసి అయిందన్నావా?”

“ఒకసారి నువ్వు అరిస్తే అయిపోతుందనుకున్నాను అమ్మా,” అన్నాడు ఖాయ్. “కాగితం వెలిగిస్తావనుకోలేదు.”

“ఏది అయిపోతుందని?” అంది యెన్.

అంతసేపూ నేల చూపులు చూసినవాడు అప్పుడు తల ఎత్తాడు. భార్య వైపు చూడలేదు. గుమ్మం మీది బోర్డు వైపు చూశాడు. వెంటనే చూపు దించుకున్నాడు గానీ, చూడాల్సినవాళ్ళు చూశారు.

యెన్‌కి ఆ బోర్డు రాసిన సాయంత్రం కళ్ళ ముందు కదిలింది. నిచ్చెన పట్టుకున్నది అతడే. మేకు కొట్టినదీ అతడే. ‘బాగుందా’ అని తను అడిగితే, ‘బాగుంది’ అన్నాడు. ఇష్టం లేదని తనతో అనకుండా, అమ్మ అరుపుతో దాన్ని దింపించాలనుకున్నాడు.

థోవా నడుముకి కట్టుకున్న తాళంచెవుల గుత్తి విప్పింది. రోజూ కొడుకు చేతికిచ్చే గుత్తి అది. లోపలికి వచ్చి కోడలి ముందు కౌంటరు మీద పెట్టింది.

“సొరుగు తియ్యి. తామ్ డబ్బు తామ్‌కి ఇచ్చెయ్యి. మొత్తం.”

యెన్ తాళంచెవి వైపు చూసింది. పొద్దున్నుంచి ఈ మాట కోసమే పోట్లాడింది. తీరా వచ్చేసరికి చెయ్యి ముందుకు రాలేదు.

“ఇంకా బోణీ కాలేదు అత్తయ్యా.”

“తెలుసు. తియ్యి.”

యెన్ నోట్లు తీసి, మెట్టు దాకా వెళ్ళి రెండు చేతులతో అందించింది. తామ్ లెక్కపెట్టలేదు. చొక్కా లోపల దోపుకుంది. ఆమె కళ్ళలో గెలిచిన మెరుపేమీ లేదు. పొద్దున ఎండలో కూర్చున్న అలసటే ఉంది.

“నేను మీ ఇంట్లో గొడవ పెట్టడానికి రాలేదు పిల్లా,” అంది యెన్‌తో మాత్రమే. “నీ మాట నువ్వు నిలబెట్టుకున్నావు. అది నేను నలుగురిలో చెప్తాను.” థోవా వైపు తిరగకుండా ఖాళీ బండితో వెళ్ళిపోయింది. థోవా ఒక్క అడుగు ఆమె వెనక వేసి, ఆగిపోయింది.

జనం కూడా పలచబడ్డారు. తెల్లటి పెట్టె మెట్టు కింద అలాగే ఉంది. వాన వచ్చేలా గాలి తిరిగింది.

ఖాయ్ స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి బయటికి వచ్చాడు. పెట్టె పక్కన వంగి ఒక కొస పట్టుకున్నాడు. ఒక్కడు ఎత్తే బరువు కాదది. అలాంటి పెట్టెలు ఎన్ని వచ్చినా, భార్యాభర్తలిద్దరూ చెరో కొసా పట్టుకుని, ఒకే ఊపిరిలో ఎత్తి మెట్టెక్కించేవాళ్ళు.

“యెన్,” అన్నాడు, వంగే ఉండి.

థోవా కోడలి వైపు చూసింది, అంతే.

యెన్ మళ్ళీ కౌంటరు వెనక నిలబడి ఉంది. తాళంచెవులు ఆమె పిడికిట్లో ఉన్నాయి. మొదటి చినుకు పెట్టె మూత మీద టపుక్కున పడింది. ఖాయ్ ఒక కొస పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. రెండో కొస దగ్గర ఎవరూ లేరు.